చెక్కగోడ అవతలి చెవి

లింగమూర్తి అగ్గిపుల్ల గీసి రాగితీగ కొసకు చూపించాడు. తీగ మీది వార్నిష్ నల్లబడి ముడుచుకుంది. పాత బ్లేడుతో ఆ మసిని ఒక్కసారే గీకాడు. రెండోసారి గీకితే తీగే తెగిపోతుంది. అది తలవెంట్రుక కన్నా సన్నం. వేళ్ల మధ్య ఉందో లేదో తెలియాలంటే వెలుతురుకు ఎత్తి చూడాలి. ఎత్తి చూశాడు. కొస ఎర్రగా మెరిసింది. దానికి లావుపాటి తీగముక్కను టంకంతో అతికి, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

బల్ల మీద గిటారు వెల్లకిలా పడి ఉంది. మామూలు గిటారులా దాని పొట్ట డొల్ల కాదు, నిండు చెక్క. తంతి మీటితే పక్కన కూర్చున్నవాడికి తప్ప వినబడదు. తంతుల కింద అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ వేల చుట్లు రాగితీగ చుట్టాలి. అప్పుడు తంతి కదలిక కరెంటుగా మారి, రేడియోలోకి పోయి, శబ్దమై బయటికి వస్తుంది. ఈ గిటారులో అలాంటి చుట్టలు రెండు ఉండేవి. రెండూ కాలిపోయాయి. దాన్ని పూనాలో చవకగా కొనుక్కొచ్చిన కాశీరాం సర్కారు ఎస్‌టీ బస్సులో కండక్టరు. డ్యూటీ లేనివేళల్లో ఆర్కెస్ట్రా పార్టీలో వాయిస్తాడు. ఆ రాత్రి దెగ్లూర్‌లో ఒక పెళ్లి ప్రోగ్రాం. మధ్యాహ్నం బస్సుకు గిటారు తయారుగా ఉండాలి.

ఇత్వారా బస్తీలో లింగమూర్తి ఇంటి ముందుగది దుకాణం, వెనకగది సంసారం. రెంటికీ మధ్య పాత పెట్టెల చెక్కలు కొట్టిన అడ్డుగోడ. దుకాణంలో మోటార్లు, టేబుల్ ఫ్యాన్లు, మూగబోయిన రేడియోలు. వెనకగదిలో చెక్కగోడను ఆనుకుని ఒక మంచం. దాని మీద అతడి భార్య నర్సవ్వ.

చెక్కగోడకు చిన్న రంధ్రం ఉంది. అందులోంచి ఒక నూలుదారం వచ్చి లింగమూర్తి బల్ల దాకా సాగుతుంది. ఈ కొసకు ఇత్తడి నట్టు. ఆ కొస నర్సవ్వ వేలికి. ఆమె ఒకసారి లాగితే నట్టు ఒకసారి ఎగిరిపడుతుంది: బాగోలేదు. రెండుసార్లు లాగితే: బాగుంది. దుకాణానికి వచ్చేవాళ్లు ఆ దారాన్ని ఏ సామానుదో అనుకుంటారు.

లింగమూర్తి చెవులు మిల్లులో పోయాయి. పూర్తిగా కాదు. మోటారు మూలుగు వినబడుతుంది, గట్టిగా మాట్లాడే మగగొంతు వినబడుతుంది. సన్నని శబ్దాలే ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. మగ్గాల మధ్య ఏళ్లతరబడి నిలబడినవాడికి అవి ఎప్పుడు వెళ్లాయో తెలియదు. మిల్లు నౌకరి విడిచి, మోటార్లు చుట్టడం నేర్చి, దుకాణం పెట్టిన కొత్తలో ఒకనాడు భార్యను అడిగాడు.

"పట్టీలు ఎందుకు దీసినవే?"

నర్సవ్వ తన కాళ్ల వైపు చూసుకుంది. పట్టీలు కాళ్లకే ఉన్నాయి. అతడు తల వంచి స్క్రూ బిగిస్తున్నాడు. ఆమె చప్పుడు లేకుండా, అంటే ఆమె చెవికి కూడా చప్పుడు కాకుండా, లోపలికి నడిచి వెళ్లింది. మరునాడు చెక్కకు రంధ్రం చేయమంది. ఎందుకని అడిగితే, "గిరాకి ముంగట నేను అరుసుడు బాగుంటదా?" అంది. అంతకు మించి ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. రేడియో మరమ్మతుకు లింగమూర్తి చెవి గొప్పదని పేరు వచ్చింది. పిలిస్తే పలకడన్న మాటా వచ్చింది. పనిలో పడితే అంతేలే అని జనమే సర్దుకున్నారు.

పొద్దున్నే ఆమెకు పాలు కాచి ఇచ్చాడు. సగం తాగి గ్లాసు పక్కన పెట్టింది. కాళ్లు మళ్లీ వాచాయి. సర్కారు దవాఖానాలో డాక్టరు గుండె చూసి, ఇంటి దగ్గరే బాగా చూసుకోండి అన్నాడు. అప్పటినుంచి ఎక్కడికీ తిప్పలేదు. పడుకుంటే ఊపిరాడదు. కూర్చునే నిద్రపోతుంది.

అయినా గిటారు చుట్టలు ఆమే చుట్టింది. అంత సన్నని తీగను అతడి చేతులు రెండుసార్లు తెంపాయి. మూడోసారి ఆమె చూడలేక, రాట్నం మంచం మీదికి ఎత్తించుకుంది. పెళ్లి కాకముందునుంచి నూలు కండెలు చుట్టిన చెయ్యి. తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, నూలును పోనిచ్చినట్టే పోనిచ్చింది. తీగ ఎక్కడా తెగలేదు. ఒక చుట్టకు రెండు రోజులు, కాస్త తిప్పి, కాస్త ఆగి. రెండోదానికి అంతకన్నా ఎక్కువ పట్టింది.

ఇప్పుడు ఆ రెండు చుట్టలనూ కలిపి, తీగను పాత రేడియో వెనక గ్రామఫోను కోసం వదిలిన రంధ్రాల్లో గుచ్చాడు. రేడియో వేడెక్కేదాకా ఆగి, తంతి మీటాడు. వినబడింది. అతడి మటుకు అతడికి అది శబ్దమే.

నట్టు ఒకసారి ఎగిరింది.

మళ్లీ మీటాడు. మళ్లీ ఒకసారే. లేచి లోపలికి వెళ్లి, ఆమె పెదాలు కనబడేలా మంచం ముందు గొంతుకూర్చున్నాడు.

"ఎట్లున్నదే?"

"గొంతు ఉన్నది గని ఒళ్లు లేదు. ఒక్కొక్కటి మీటినప్పుడు మంచిగుండె. రెండు కలిస్తే ఒకదాన్నొకటి దింటున్నయి."

లింగమూర్తి ఆమె చేతుల వైపు చూశాడు.

"రెండోది ఏ చేత్తోని దిప్పినవ్?"

"ఎడమ చేత్తోని. కుడి రెట్ట గుంజుతుండె. రాట్నం అటు మల్పుకొని కూసున్న. ఏమైతది? నూలుకు కుడి ఎడమ ఉంటదా?"

"నూలుకు లేదు. కరెంటుకు ఉంటది."

"కరెంటుకు గింత పట్టింపా? మీ అవ్వ కన్న అధ్వాన్నమున్నది."

అతడు నవ్వాడు. మోటారు చుట్టేటప్పుడు ఏ చుట్ట ఏ వైపు తిరిగిందో చాక్‌పీసుతో బాణం గుర్తు వేసుకుంటాడు. మంచం మీద ఆమె రాట్నం తిప్పుతుంటే మాత్రం ఎదురుగా కూర్చుని చూస్తూ కూడా ఆ సంగతి తోచలేదు. కళ్లకు రాగితీగ కనబడలేదు, నూలే కనబడింది. సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడు. రాట్నం ముందు ఆడమనిషి చెయ్యి మార్చుకుంటే దాన్నొక సంగతి అనుకునేవాళ్లు వాళ్ల ఇళ్లలో లేరు.

సరిచేయడం కష్టం కాదు. రెండో చుట్ట కొసలు రెంటినీ అటుదిటు మారిస్తే చాలు. మార్చి, టంకం పెట్టకుండా మెలివేసి, మీటి వచ్చాడు.

"ఇప్పుడు?"

"నిండింది. ఊరందరిని పిలిసినట్టున్నది."

"ముందుగాల్ది?"

నర్సవ్వ కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది.

"అది ఒక్కరిని పిలిసినట్టుండె."

"మరి ఏది ఉంచాలె?"

"మల్లొకసారి రెండు ఇనిపియ్యి, జెప్త. ఇప్పుడు దమ్ము అస్తలేదు."

లింగమూర్తి ఆమె వీపు వెనక దిండు సర్ది వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. కొసలను మెలివేసే ఉంచాడు. ఆమె ఏది అంటే అది అతికేయాలి. అది తప్ప గిటారులో పని మిగల్లేదు.

ఎండ గడప దాటి లోపలికి వచ్చేసరికి కాశీరాం వచ్చాడు. ఖాకీ చొక్కా, చంకలో టికెట్ల పెట్టె. బస్సులో ఆఖరి సీటుదాకా వినబడేలా మాట్లాడి మాట్లాడి అతడికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. అందుకే లింగమూర్తికి అతడంటే ఇష్టం.

"రామ్ రామ్ ఉస్తాద్. పెండ్లికూతురు తయారైందా?"

"అయింది. ఇగ కుంకుమ వెట్టుడే ఉన్నది."

"వైనీ, తబ్యేత్ ఎట్లున్నది?" అన్నాడు కాశీరాం చెక్కగోడ వైపు తిరిగి, వదినను ఒంట్లో ఎలా ఉందని పలకరిస్తూ. లోపలినుంచి ఏదో జవాబు వచ్చినట్టుంది. కాశీరాం పగలబడి నవ్వాడు. అది చూసి లింగమూర్తి కూడా, కొంచెం ఆలస్యంగా, నవ్వాడు.

కాశీరాం అడిగిన ఇంకో వస్తువు బల్ల కింద ఉంది. ఖాళీ తంబాకు డబ్బాలో, చచ్చిపోయిన జేబురేడియోనుంచి తీసిన రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి చేసింది. పైన టేబుల్ లైటు స్విచ్చి. కాలితో నొక్కితే గిటారు శబ్దం గరుకెక్కుతుంది. బొంబాయి ఆర్కెస్ట్రాల్లో దీన్ని చూసి వచ్చి, కాశీరాం నోటితో ఆ శబ్దం చేసి చూపించాడు. లింగమూర్తి ఒక పాత ఎలక్ట్రానిక్స్ పుస్తకంలో అలాంటి బొమ్మ పట్టుకున్నాడు.

కాశీరాం గిటారు భుజాన వేసుకుని, చెప్పు విడిచి, డబ్బా నొక్కి మీటాడు. గల్లీలో పోయేవాళ్లు ఇద్దరు ఆగి లోపలికి తొంగి చూశారు.

"అరెరె, కొత్త చీరె చింపినట్టున్నది గదా ఉస్తాద్!"

లింగమూర్తికి దూరాన లారీ గడ్డ ఎక్కుతున్నట్టు వినబడింది. కళ్లు మాత్రం నట్టు మీదే ఉన్నాయి. అది ఒకసారి ఎగిరింది.

"పదును జర ఎక్కువున్నది," అన్నాడు తాపీగా. "కండెన్సర్ మార్చాలె."

"నీది చెవి గాదు, తరాజు," అన్నాడు కాశీరాం.

మెలివేసిన కొసల సంగతి కూడా లింగమూర్తి చూపించాడు. అటు కలిపి ఒకసారి, ఇటు కలిపి ఒకసారి. కాశీరాం తల ఒక పక్కకు వంచి విన్నాడు. మళ్లీ విన్నాడు.

"రెండు మంచిగనే ఉన్నయి. నాకు సమజైతలేదు. నువ్వే జూసి అతికెయ్యి. నీ చెవికి ఇడిసిపెడుతున్న."

డిపోకు పోయి బస్సు సంగతి చూసుకుని వస్తానని వెళ్లాడు.

తరవాతి గంట వాళ్లిద్దరిదే. గిరాకీ ఎవరూ రాలేదు. లింగమూర్తి కండెన్సర్లు ఒకటొకటిగా మార్చి మీటాడు. నట్టు ఒకసారి. ఇంకోటి పెట్టాడు. ఒకసారి. తీగచుట్లు వదులుగా ఉంటే ఈల పుడుతుందని పుస్తకంలో ఉంది. అందుకని కొవ్వొత్తి కరిగించి ఆ మైనం చుట్టల మీద బొట్టుబొట్టుగా వదిలాడు. మీటాడు. నట్టు కాసేపు ఆగి, ఒకసారి ఎగిరింది. మరీ చిన్న కండెన్సరు ఒకటి దొరికింది. అది పెట్టాడు. నట్టు రెండుసార్లు ఎగిరింది, సంతోషపడ్డట్టు చప్పున, ఒకదాని వెంట ఒకటి.

అతడు చెక్కగోడ వైపు చూసి తల ఊపాడు. ఆమెకు కనబడదని తెలుసు.

ఇక మిగిలింది పొద్దుటి ప్రశ్న. కొసలను ఆమె చుట్టినట్టే కలిపి మీటాడు. ఆగాడు. తరవాత తారుమారు చేసి మీటాడు. నట్టు వైపు చూశాడు.

నట్టు కదల్లేదు.

ఏది బాగుందో తేల్చుకోలేకపోతోంది అనుకున్నాడు. మళ్లీ మొదటిది వినిపించాడు. మళ్లీ రెండోది. నట్టు బల్ల మీద అలాగే ఉంది. కునుకు పట్టిందేమో. రాత్రంతా దగ్గుతూనే ఉంది, పట్టనీ. గిటారును చప్పుడు కాకుండా రేడియోకు ఆనించి నిలబెట్టి, కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సుకు ఇంకా వేళ ఉంది. గడపలోని ఎండ కొంచెం జరిగింది. అప్పుడు దారం వైపు చూశాడు. ఎప్పుడూ బిగుతుగా ఉండేది, మధ్యలో కుంగి బల్లను తాకుతోంది.

లేచి లోపలికి వెళ్లాడు.

నర్సవ్వ కూర్చునే ఉంది. తల చెక్కగోడకు వాలి ఉంది. కళ్లు సగం మూసి, ఎవరో మాట చెబుతుంటే విన్నట్టు ఉంది ముఖం. అతడు "ఏమే," అన్నాడు. మంచం ముందు గొంతుకూర్చుని పెదాల వైపు చూశాడు. ఊపిరి చప్పుడు అతడికి ఎన్నాళ్లుగానో వినబడదు. అందుకని ముక్కు దగ్గర చేతి వెనకవైపు పెట్టాడు. చెయ్యి తీసి, తన చొక్కాకు తుడుచుకుని, తడి లేకుండా చేసి, మళ్లీ పెట్టాడు. చాలాసేపు ఉంచాడు.

ఆ తరవాత ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాడు. దారం ఆమె వేలికి ఉంది. దాన్ని విప్పలేదు. చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. చూపుడువేలి మీద రాగితీగ కోసిన సన్నని గీత ఇంకా మానలేదు. గది నిశ్శబ్దంగా ఉంది. అతడికి అలాగే ఉంది.

పక్కింటి సుందరబాయి రెండు చెవులూ మూసుకుని లోపలికి వచ్చింది. నోరు గట్టిగా తెరిచి ఏదో అంటోంది. అతడు ఆమె పెదాల వైపు చూశాడు.

"బంద్ జెయ్యి భావూ! గల్లీ అంత చెవులు పగులుతున్నయి!"

"ఏం బంద్ జెయ్యాలె?" అన్నాడు లింగమూర్తి.

సుందరబాయి అతడి వైపు చూసింది. ముందుగది వైపు చూసింది. అక్కడ రేడియోకు ఆనించిన గిటారు, కాలిడబ్బా నొక్కి ఉండగానే వదిలేసిన గిటారు, దాని ఈల అదే విని అదే పెంచుకుంటూ, ఎప్పటినుంచో సన్నగా కూస్తోంది. వీధిలో కుక్కలు కూడా మొరుగుతున్నాయి. ఈ మనిషి ఆ కూత నడుమ కూర్చుని, ఏం ఆపాలని అడుగుతున్నాడు. ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఏళ్లుగా గోడ పక్కన ఉండి అర్థం కానిది. అప్పుడే ఆమె చూపు మంచం మీదికి పోయింది. చెవుల మీది చేతులు మెల్లగా దిగాయి.

ఆమే వెళ్లి రేడియో వైరు పీకింది. వచ్చి నర్సవ్వ కళ్లు పూర్తిగా మూసింది. లింగమూర్తి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాట పెదాలతో విడదీసి అడిగింది: "మంగళకు... కబురు... ఎట్ల?"

మంగళ వాళ్ల కూతురు. దెగ్లూర్‌లో ఇచ్చారు.

కబురుకు మనిషి అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. కాశీరాం టికెట్ల పెట్టె కింద పెట్టి, చెక్కగోడ దాటి లోపలికి వచ్చి, మంచం వైపు చూసి ఆగిపోయాడు. టోపీ తీశాడు. మొదటిసారి అతడి గొంతు లింగమూర్తికి వినబడనంత చిన్నదైంది.

"బస్సుల నేనే పోతున్న. మంగళకు కబురు జెప్పి, రాత్రి ఆఖరి బస్సుకు తోలిస్త," అని రెండోసారి గట్టిగా చెప్పాడు. "గిటార్ ఉండనియ్యి ఉస్తాద్. ఇంకోనిది అడుక్కొని వాయిస్త."

"ఉండు," అన్నాడు లింగమూర్తి.

బల్ల ముందు కూర్చుని సోల్డరింగ్ కడ్డీ వైరు గుచ్చాడు. అది కాగుతుండగా కాశీరాం అతడి పక్కకు వచ్చి అడిగాడు.

"ఏది అతుకుతున్నవ్?"

"నాకు తెల్వది. నాకు ఇనవడదు."

కాశీరాం నవ్వబోయి ఆగాడు.

"సన్నగున్నవేవి నాకు ఇనవడయి. అన్ని ఆమెనే ఇన్నది. అందరి రేడియోలు. ఇది గూడ జెప్తనన్నది." కడ్డీ కొసను గుడ్డకు తుడిచాడు. "జెప్పలే."

కాశీరాం చూపు బల్ల మీది నట్టు మీదికి, దారం మీదుగా చెక్కలోని రంధ్రం మీదికి పోయింది. లింగమూర్తి భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

లింగమూర్తి కొసల మెలికలు విప్పాడు. తారుమారు చేసినవాటిని మొదట ఉన్నచోటికే తెచ్చాడు. ఆమె ఎడమచెయ్యి ఏ దారిన తిప్పిందో తీగ ఆ దారినే ఉండేలా కలిపి, టంకం చుక్క వదిలాడు. పొగ లేచింది. చుక్క తెల్లగా గడ్డకట్టేదాకా కొసలను వేళ్లతో పట్టుకునే ఉన్నాడు. వేళ్లు కాలాయి. వదల్లేదు. తరవాత రేకు మూత పెట్టి స్క్రూలు బిగించి, తంతులను గుడ్డతో తుడిచి, గిటారును, డబ్బాను సంచిలో పెట్టి ఇచ్చాడు.

"సన్నగ పలుకుతది," అన్నాడు. "జర దగ్గరున్నోళ్లకు మంచిగుంటది."

కాశీరాం రెండు చేతులా తీసుకున్నాడు. గల్లీ మలుపు దాకా వెనక్కి నడిచినంత మెల్లగా వెళ్లాడు. కాసేపటికి బస్సు ఇంజను మూలుగు లింగమూర్తికి వినబడింది. అలాంటివి వినబడతాయి.

సాయంత్రానికి వాకిట్లో జనం చేరారు. నర్సవ్వను వెనకగదిలోనే కింద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. మంగళ వచ్చేదాకా ఆగాలని అనుకున్నారు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటు చాలక, మగవాళ్లు ఇద్దరు వెనకగదిలోని మంచం ఎత్తి బయట నిలబెట్టారు.

లింగమూర్తి మంచం తీసిన చోట నిలబడ్డాడు. తను మీటినప్పుడే ఆమె చెక్కకు చెవి ఆనిస్తుందని, తక్కినవేళ తన పనేదో తను చూసుకుంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాడు. చెక్కగోడ మీద, దారం రంధ్రం పక్కన, కూర్చున్న మనిషి తల ఎత్తులో, అరచేయంత నల్లని నూనె మరక ఉంది. ఏళ్లతరబడి ఒకేచోట ఒక తల ఆనించగా చెక్క పట్టేసిన మరక. అంచుల్లో అది పాతబడి ఎండిపోయింది. నడుమ మాత్రం, పొద్దున రాసుకున్న కొబ్బరినూనె, దీపం వెలుతురులో ఇంకా తడిగా మెరుస్తోంది.